మాట వెనుక కథ: షుఫా

ఇస్లామీయ ధర్మశాస్త్రమునందు స్థిరాస్తి విక్రయమున సహభాగికిని, హనఫీ సంప్రదాయమున పొరుగువానికిని గల పూర్వక్రయాధికారమునకు ‘షుఫా’ యని పేరు; జతపఱచుట యను నర్థముగల అరబ్బీ ధాతువునుండి పుట్టిన యీ పదము, అన్యునికి పోవు భాగమును తన భాగముతో జోడించుకొనుటను సూచించును. ఇది పునఃక్రయము గాదనియు, క్రేత స్థానమున నిలుచు హక్కనియు 1885లో అలహాబాదు హైకోర్టున న్యాయమూర్తి సయ్యద్ మహమూద్ వివరించెను.

వాటాను పరులకు విక్రయింపకమున్ను తోటి వాటాదారులకు చూపవలెనను ప్రైవేటు కంపెనీల నిబంధన దీనికి సజాతీయమే కాని సంతానము గాదు: షుఫా విక్రయానంతరము మేల్కొనును, నిబంధన విక్రయమునకు ముందే నిలిచి యడుగును, షుఫాను ధర్మశాస్త్రమే యొసగగా, వాటాల నిబంధన కంపెనీ నియమావళిలో లిఖితమై యుండవలెను, అందు లేని యాంక్ష కంపెనీని బంధింపదని రంగరాజ్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు 1991లో నిర్ణయించెను.