తుగ్యానీ: హైదరాబాదు స్త్రీల ఐక్య సేవ

1908 నాటి మూసీ వరదను హైదరాబాదు ఉర్దూలో ‘తుగ్యానీ’ అంటారు. అనువాదకునిగా నేను ఈ మాట దగ్గర ఎప్పుడూ కొంతసేపు ఆగుతాను. అరబ్బీలో దాని ధాతువుకు హద్దు మీరడమని అర్థం. దివ్య ఖుర్ఆన్ నూహ్ (అలైహిస్సలాం) కాలపు జలప్రళయానికీ, ఫిరౌను దౌర్జన్యానికీ ఈ ధాతువునే వాడింది. తెలుగులో ‘వరద’ అంటే నీరు మాత్రమే. హైదరాబాదు స్త్రీలు కొందరు ఆ మాటలోని రెండర్థాలనూ చూశారు.

1908 సెప్టెంబరు 28న మూసీ నగరంపై విరుచుకుపడింది. మృతులు పదిహేను వేలమందని సాధారణంగా చెబుతారు. అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి తోటలో చింతచెట్టెక్కి సుమారు 150 మంది బ్రతికారని ప్రసిద్ధి. 2009 అక్టోబరులో తుంగభద్ర కర్నూలును ముంచెత్తడం చూసిన నంద్యాల, ఆళ్లగడ్డ పాఠకులకు ఆ దృశ్యం వర్ణించనక్కరలేదు.

నీరు తీసిన తర్వాత వేరొక చిక్కు ఎదురైంది. ఏనాడూ గడప దాటని పర్దా స్త్రీలు నిలువ నీడలేక వీధిన పడ్డారు. పరాయి పురుషులు పంచే అన్నానికి వారు చేయి చాచలేరు. వారి వద్దకు స్త్రీలే వెళ్లాలి. అలా సేవకు దిగినవారిలో ముఖ్యులు ఆమినా హైదరీ, సరోజినీ నాయుడు. ఆమినా బొంబాయి తయ్యబ్జీల ఆడపడుచు, సులైమానీ బొహ్రా వంశీయురాలు. సరోజిని హైదరాబాదులో పుట్టిన బెంగాలీ బ్రాహ్మణుల బిడ్డ. 1898లో తెలుగువారి కోడలైంది. ఇద్దరి మతాలు వేరు, మాతృభాషలు వేరు. ఇద్దరికీ ప్రభుత్వం కైసర్-ఎ-హింద్ పతకాన్నిచ్చింది. సరోజిని తర్వాత జలియన్‌వాలాబాగ్ దురంతానికి నిరసనగా దానిని తిరిగి ఇచ్చివేశారు.

వీరు సంపన్నులు, దర్బారుకు దగ్గరివారు అన్న ఆక్షేపణ ఉంది. అది నిజమే. కాని కలసి పనిచేసే అలవాటు ఆ పనితోనే ముగియలేదు. సరోజిని 1913లో లక్నోలో ముస్లిం లీగ్ సభలో ప్రసంగించారు. మదనపల్లెలో పనిచేసిన ఐరిష్ వనిత మార్గరెట్ కజిన్స్ చొరవతో 1927లో అఖిల భారత మహిళా సభ ఏర్పడింది. మతాల వారీగా ఓటర్లను విభజించే ప్రతిపాదన వచ్చినప్పుడు ఈ సభ దానిని వ్యతిరేకించింది. 1933లో లండన్‌లో పార్లమెంటు సంఘం ఎదుట ఆ పక్షాన నిలబడినవారు ముగ్గురు: క్రైస్తవ కుటుంబంలో పుట్టిన రాజకుమారి అమృత్‌కౌర్, హిందువైన డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి, తయ్యబ్జీల ఇంటి బిడ్డ బేగం షరీఫా హమీద్ అలీ. బేగం షానవాజ్ వంటివారు ఈ విషయంలో వేరుదారి పట్టారు. మైనారిటీల భయాలు వట్టి కల్పనలు కావు గనుక వారిని తప్పుపట్టడానికి నా మనసొప్పదు. అయినా షరీఫా బేగంను స్వజాతి ద్రోహిగా చూడడం అన్యాయం. ఆమె తన ముస్లిం అస్తిత్వాన్ని దాచుకోలేదు. ముస్లిం స్త్రీగానే సాక్ష్యమిచ్చారు. 1935 చట్టం వీరి మాట వినలేదు. మహిళల స్థానాలను సయితం మతాల వారీగానే పంచింది.

హైదరాబాదులో ఆ ఒరవడి మాసూమా బేగం వరకు వచ్చింది. ఆమె ఇమాదుల్ ముల్క్ బిల్గ్రామీ మనుమరాలు. మహిళా సభలో దీర్ఘకాలం పనిచేశారు. 1960లో మన కర్నూలు సీమ బిడ్డ దామోదరం సంజీవయ్య మంత్రివర్గంలో మంత్రి అయ్యారు. ఒక దళిత ముఖ్యమంత్రి, ఒక ముస్లిం మహిళా మంత్రి ఒకే కొలువులో ఉండడం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు. 1962లో ఆమె పత్తర్‌గట్టిలో ఓడిపోయారు.

తర్వాతి దశాబ్దాలలో పాతనగరం మరో తుగ్యానీని పలుమార్లు చూసింది. 1990 డిసెంబరు అల్లర్లను మరచినవారు అక్కడ లేరు. ఈ సారి పనికి పూనుకున్నవారు బేగములు కారు. 2002లో కవయిత్రి జమీలా నిషాత్ పాతనగరంలో ‘షాహీన్’ సంస్థను స్థాపించారు. అక్కడికి పేద ముస్లిం స్త్రీలూ వచ్చారు, దళిత స్త్రీలూ వచ్చారు. ఇంట్లో తిన్న దెబ్బల గురించి ఒకరికొకరు చెప్పుకున్నారు.