ప్రయోగం వాళ్లది, ఆవిష్కరణ ఆమెది

నా చిన్నప్పుడు మా వత్సవాయిలో 'ప్రయోగం' అనే మాటను పెద్దవాళ్లు గొంతు తగ్గించి అనేవాళ్లు. ఎవరి మీదో ఎవరో చేతబడి ప్రయోగం చేయించారని. అనుమానం ఎప్పుడూ ఏ ఒంటరి ముసలమ్మ మీదికో పోయేది. ఎం.ఏ. తెలుగులో చేరాక అదే మాట గౌరవంగా వినిపించింది: ప్రయోగవాదం, ప్రయోగశీలి. ఈసారి ఆ మాట పక్కన ఉన్నవన్నీ మగవాళ్ల పేర్లే.

ఐరోపా విమర్శలో దీనికి దగ్గరి మాట 'అవాంట్-గార్డ్'. సైన్యానికి ముందు నడిచే దళమని అర్థం. 1825లో ఫ్రాన్స్‌లో సెయింట్ సైమన్ అనుచరులు దాన్ని కళాకారులకు వర్తింపజేశారు. మాట పుట్టిందే యుద్ధభూమిలో. ముందు నడిచేది ఎవరో వేరే చెప్పాలా?

మన సాహిత్యంలో ఆ దళమంటే వెంటనే గుర్తొచ్చేది దిగంబర కవులు. ఆరుగురూ మగవాళ్లే. వాళ్ల మొదటి సంపుటిని 1965లో హైదరాబాదులో రిక్షా కార్మికుడు నాంపల్లి పాండు, రెండోదాన్ని 1966లో విజయవాడలో హోటల్ సర్వర్ జంగాల చిట్టి, మూడోదాన్ని 1968లో విశాఖపట్నంలో యాచకురాలు ఎడ్ల యాదమ్మ ఆవిష్కరించారు. పండితుల్ని కాదని వీళ్లని పిలవడం తెగింపే, కాదనను. కానీ ఆ మూడు పుస్తకాల చుట్టూ మనకు కనిపించే ఒకే ఒక్క స్త్రీకి దక్కింది ఆవిష్కర్త స్థానం. రాసే స్థానం కాదు.

పాతికేళ్ల తర్వాత, 1993లో, ఓల్గా సంపాదకత్వంలో 'నీలిమేఘాలు' వచ్చింది. అందులో జయప్రభ పైట గురించీ, కొండేపూడి నిర్మల లేబర్ రూం గురించీ రాశారు. మగకవుల దిగంబరత్వం ప్రయోగమైంది. ఆడవాళ్లు తమ ఒంటి గురించి తామే రాస్తే అశ్లీలమన్నారు. మెచ్చుకున్నవాళ్లు కూడా చాలామంది వస్తువునే మెచ్చుకున్నారు. పురిటి నొప్పికి కవిత్వంలో లేని భాషను తయారుచేసుకోవడం ప్రయోగం కాదా?

ఒకరిని అని లాభం లేదు. నా సిద్ధాంత గ్రంథంలోనూ 'ప్రయోగ ధోరణులు' ఒక అధ్యాయం, 'స్త్రీవాద కవిత్వం' మరో అధ్యాయం. మొదటిదాంట్లో ఒక్క స్త్రీ పేరు కూడా లేదు. పట్టా వచ్చింది, ఎవరూ అడగలేదు, నేనూ గమనించలేదు.

ఆవిష్కరణ అంటే మరుగున ఉన్నదాన్ని కళ్లెదుటికి తేవడం. కొత్తదాన్ని కనిపెట్టడానికీ ఆ మాటే వాడతాం. యాదమ్మ చేతికి ఆ మాట ఒక్క పూట కోసమే ఇచ్చారు. పుస్తకంగా వేసే ముందు ఆ రెండు అధ్యాయాలూ కలిపి తిరగరాస్తున్నాను.