కత్తిరించగా పెరిగిన పాట

నిమిషమునకు 78 చుట్లు తిరుగు పది అంగుళముల గ్రామఫోను ప్లేటు ఒక్కొక్క ప్రక్కను ఇంచుమించు మూడు నిమిషములు పాడును. రాత్రియెల్ల రాగము సాగదీయుటకు అలవాటుపడిన మన రంగస్థల గాయకులు ఒక పద్యమును ఆ మూడు నిమిషములలో ఇముడ్చుటకు ఎంత అవస్థపడి యుందురో ఊహింపవచ్చును. పిమ్మట వచ్చిన 45 చుట్ల ఏడంగుళముల ప్లేటును ఈ బంధమును పెద్దగా సడలింపలేదు. అచ్చయిన పాటను మరల కోసి, కూర్చి, పొడిగించి ఆ బంధమును త్రెంచినవారి కథను నేడు శ్రోతలతో ముచ్చటింతుము.

జమైకా ద్వీపములో సామాన్య జనము పెద్ద లౌడుస్పీకర్లు నిలిపి ప్లేట్లు వేయు బృందములయొద్దకు పోయి పాటలు వినుచుండిరి. వీనికి సౌండు సిస్టములని పేరు. ఎదుటివారియొద్ద లేని ప్లేటు తమయొద్ద నుండవలెనని వారిలో వారికి పోటీ. అందుకై మెత్తని పూతగల పలకపై ఒకే ప్రతిని కోయించుకొనెడివారు. 1960ల చివర, రడ్డీ రెడ్‌వుడ్ అను యజమానికొరకు పారగన్స్ వారి 'ఆన్ ది బీచ్' అను పాటను ఇట్లు కోయుచు, ఇంజనీరు బైరన్ స్మిత్ గాత్రమును కలుపుట మరచెను. రెడ్‌వుడ్ ఆ ప్లేటును పారవేయక సభలో వేసెను. గాత్రము లేనిచోట జనమే గొంతెత్తి పాడిరి.

ఈ అవకాశమును శాస్త్రముగా మార్చినవాడు కింగ్ టబీ. అసలు పేరు ఆస్బోర్న్ రడ్డాక్. రేడియోలును ఆంప్లిఫయర్లును బాగుచేయుట ఆయన వృత్తి. (మరమ్మతు బల్లమీద ఒక సంగీతము పుట్టినదని చెప్పుకొనుట మావంటి రేడియోవారికి కొంత గర్వము కలిగింపక మానదు.) కింగ్‌స్టన్ నగరపు వాటర్‌హౌస్ పేటలో తన యింటనే నాలుగు దారుల మిక్సరు నమర్చుకొని, 1970లలో పాటలోని గాత్రమును తీసివేసి, మృదంగమువలె మ్రోగు డ్రమ్ములను, బేసును మాత్రము నిలిపి, నడుమ ఒక్క మాటను వదలి దానిని ప్రతిధ్వనిగా దూరమునకు పంపెడివాడు. ఇదియే డబ్. 1989 ఫిబ్రవరిలో తన యింటిముందే ఆయన తుపాకి కాల్పులకు గురియై మరణించెను.

అదే దశాబ్దమున న్యూయార్కుకు సమీపమున నున్న ఫైర్ ఐలండులో టామ్ మౌల్టన్ అను నాతడు వేరొక లోపమును గమనించెను. నర్తించువారు ఉత్సాహము పతాకస్థాయి నందుకొను వేళకు పాట ముగియుచుండెను, వారు చెదరిపోవుచుండిరి. ఆతడు 45 నిమిషముల టేపు నొకదానిని కూర్చుటకు 80 గంటలు శ్రమించెనట. పనిముట్లు స్వల్పము: టేపు యంత్రము, బ్లేడు, అతుకు పట్టీ. టేపును ఏటవాలుగా కోసి అతికించిన అతుకు చెవికి తెలియదు. రేడియో నిలయములందును ఒకప్పుడు ప్రసంగములలోని దగ్గులను, తడబాట్లను తీసివేసినది ఈ విద్యతోనే. తగ్గించుటకు మేము వాడిన బ్లేడును ఆతడు పెంచుటకు వాడెను.

పన్నెండంగుళముల సింగిల్ ప్లేటు పుట్టుకయు విచిత్రమే. 1970ల నడుమ నొకనాడు, ఇంజనీరు హోసే రోడ్రిగెజ్ వద్ద ఏడంగుళముల పలకలు నిండుకొనగా, మౌల్టన్ పాటను ఆయన పెద్ద పలకపై కోసెను. అంత పలకపై గాడులు ఒక అంచునకే పరిమితమై వికారముగా కనిపించినందున, వానిని ఎడము చేసి, ధ్వని పెంచి మరల కోయించిరి. విని యిరువురును ఆశ్చర్యపడిరి. బేసు స్వరము గాడిని ప్రక్కలకు విశాలముగా ఊపును. చోటు చాలనిచో పొరుగు గాడితో కలియును. కావున చిన్న ప్లేటుపై పాట పొడవైనకొలది మోత తగ్గింపక తప్పదు. పెద్ద ప్లేటు పొడవును, మోతను కూడ ఇచ్చెను.

1976లో సాల్‌సోల్ కంపెనీ డబుల్ ఎక్స్‌పోజర్ వారి 'టెన్ పర్సెంట్' అను పాటను ఇట్టి ప్లేటుగా బజారున పెట్టెను. వాల్టర్ గిబ్బన్స్ అను ప్లేట్లు వేయు యువకుడు దానిని తొమ్మిది నిమిషములు దాటించెను. నర్తకులు మెచ్చిరి, పాట రచయితలలో ఒకడగు ఆలన్ ఫెల్డర్ మాత్రము తన సాహిత్యము తునకలైనదని నొచ్చుకొనెను. ఆయన బాధను మేము తేలికగా త్రోసివేయజాలము. పల్లవిని కోసి చరణమును వదలినప్పుడు కవికి మిగులున దేమి? వాద్యకారుల సంగతియు నంతే. పాట పొడవు పెరిగినంతమాత్రమున వారి కూలి పెరుగలేదు. అయినను ఆ డ్రమ్ముల పని ఎంత గొప్పదో లోకము చెవిపెట్టి వినినది, గిబ్బన్స్ వానిని ఒంటరిగా నిలిపినప్పుడే గదా!

గిబ్బన్స్ ప్లేట్లు వేయుచుండగా ప్రక్కన డ్రమ్ములు వాయించుటకు నియమింపబడిన ఫ్రెంచి యువకుడు ఫ్రాన్స్వా కెవోర్కియన్ తరువాత తానును ఈ కోతవిద్యలో ఆరితేరెను. 1978లో ప్రెల్యూడ్ కంపెనీలో చేరి, జమైకా ప్రతిధ్వనిని న్యూయార్కు తాళముతో కలిపినవారిలో ఆయన ముఖ్యుడు.

ఈ నృత్యశాలల కాధారమైనవారిలో నల్లజాతివారును, లాటిన్ అమెరికా సంతతివారును, స్వలింగప్రియులును హెచ్చు. 1979 జూలై 12న చికాగో కొమిస్కీ పార్కులో బేస్‌బాల్ ఆటల నడుమ డిస్కో ప్లేట్లను కుప్పవేసి ప్రేల్చివేసిరి. పెద్ద కంపెనీలు వెనుకకు తగ్గెను. అదే చికాగోలో, క్రొత్త ప్లేట్లు కరవైనప్పుడు, ఫ్రాంకీ నకల్స్ పాత పాటలనే టేపుపై కోసి కూర్చి నర్తకులకు వినిపించెను. ఆతడు పనిచేసిన వేర్‌హౌస్ అను శాల పేరునుండియే హౌస్ అను సంగీతమునకు పేరు వచ్చినదందురు.

నేడు కోత కంప్యూటరుమీద జరుగుచున్నది. అయినను కొందరు పాత డిస్కో, డబ్ పాటలను ఇట్లు తిరిగి కూర్చి, కొద్దిపాటి ప్రతులుగా పన్నెండంగుళముల ప్లేట్లపై అచ్చొత్తించుచునే యున్నారు. వానిలో అనేకము తెల్లని లేబులుతో, కూర్చినవాని పేరైనను, పాడినవారి పేరైనను లేక వెలువడును. హక్కుదారుల అనుమతి పొందనివే వానిలో పెక్కు.