పురుడు పోయడానికి అమెరికా ప్రయాణం

తెలుగు ఇళ్ళలో ఆడపిల్లకు తొలి కాన్పు పుట్టింట్లో జరగడం ఆచారం. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో కూతురిని తీసుకొచ్చి, పురుడు పోసి, బారసాల చేసి, బాలింత తేరుకున్నాక సారె పెట్టి బిడ్డతో అత్తవారింటికి పంపుతారు. పిల్లలు అమెరికాలో స్థిరపడటం మొదలయ్యాక ఈ రాకపోకల దిశ మారిపోయింది. కూతురు పుట్టింటికి రాలేని పరిస్థితిలో తల్లే కూతురి దగ్గరకు ప్రయాణం కట్టింది. ఊళ్ళోవాళ్ళకు అది అమెరికా చూసి రావడం, వీసా కాగితాల మీద అది విహారయాత్ర. అయితే ఎన్నో ఇళ్ళలో తల్లిదండ్రుల తొలి అమెరికా ప్రయాణానికి ముహూర్తం పెట్టింది మాత్రం పురుడే.

దీనికి దారి వేసింది 1965 నాటి అమెరికా వలస చట్టం. 1946 చట్టం ప్రకారం అంతవరకు భారతదేశానికి దక్కిన కోటా ఏడాదికి 100 మంది. 1965 అక్టోబరు 3న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ సంతకంతో ఆ పాత కోటా పద్ధతి పోయి, వృత్తి నైపుణ్యానికీ కుటుంబ బంధానికీ ప్రాధాన్యం వచ్చింది. అక్కడి ఆసుపత్రులకు డాక్టర్లు కావలసిన రోజులవి. విశాఖపట్నం, గుంటూరు, హైదరాబాద్ వైద్య కళాశాలల్లో చదివినవారు, వారితోపాటు ఇంజనీర్లు, న్యూయార్క్, షికాగో, డెట్రాయిట్ వైపు వెళ్ళారు. పెళ్ళికి ఇంటికొచ్చి భార్యను తీసుకుపోయినవాడికి రెండు మూడేళ్ళలో బిడ్డ పుట్టే వేళకు చుట్టుపక్కల ఒక పెద్దదిక్కు కావలసివచ్చేది.

అప్పట్లో తల్లిని పిలిపించుకోవడం మాటలు కాదు. పాస్‌పోర్టు ఇవ్వడం 1967 దాకా ప్రభుత్వం ఇష్టం. ఆ ఏడాది సత్వంత్ సింగ్ సాహ్నీ కేసులో విదేశాలకు వెళ్ళడం వ్యక్తి స్వేచ్ఛలో భాగమేనని సుప్రీంకోర్టు తీర్పు చెప్పాకే పాస్‌పోర్టుల చట్టం వచ్చింది. పాస్‌పోర్టు చేతికొచ్చినా డబ్బు దగ్గర చిక్కు. విదేశీ మారకద్రవ్యం కరువైన ఆ కాలంలో ప్రయాణికులు వెంట తీసుకెళ్ళడానికి దొరికేది 8 డాలర్లు. టిక్కెట్టు కొనాలంటే రిజర్వు బ్యాంకు నిబంధనల కింద ‘పి ఫారం’ కావాలి. అక్కడి ఖర్చంతా తానే భరిస్తానని కొడుకో అల్లుడో పూచీ పడాలి. వీసా కోసం మద్రాసు, విమానం కోసం బొంబాయి. ఎయిరిండియా 1960 నుంచే న్యూయార్క్‌కు విమానాలు నడుపుతున్నా, 1971లో బోయింగ్ 747 వచ్చాక గానీ ఈ దారిలో ఎక్కువమందికి చోటు దొరకలేదు. ఏరోగ్రామ్ రాస్తే జవాబుకు వారాలు పట్టే ఆ రోజుల్లో కూతురు గర్భవతి అన్న కబురు ఆలస్యంగా చేరేది, తల్లి బయలుదేరే లోపు కాన్పు అయిపోయేది. అందుకే మొదటి తరం స్త్రీలలో చాలామంది అమ్మ సాయం లేకుండానే పురుళ్ళు పోసుకున్నారు. ఆ కష్టం గురించి తెలుగులో రాయవలసినంత రాయలేదు.

1977 నాటికి కొంత ఊరట కనిపించింది. పిట్స్‌బర్గ్ శివార్లలోని పెన్ హిల్స్‌లో శ్రీవేంకటేశ్వరాలయం, న్యూయార్క్ ఫ్లషింగ్‌లో గణపతి ఆలయం ఆ సంవత్సరమే ప్రతిష్ఠ జరుపుకున్నాయి. ఉత్తర అమెరికా తెలుగువారి తొలి మహాసభ, తర్వాత ‘తానా’గా రూపుదిద్దుకున్నది, అదే ఏడాది న్యూయార్క్‌లో జరిగింది. ఊరు కాని ఊరికి వచ్చిన పెద్దలకు శనివారం నాడు వెళ్ళడానికి ఒక గుడి, తెలుగులో పలకరించడానికి నలుగురు మనుషులు దొరికారు.

ఈ ప్రయాణం డాక్టర్ల ఇళ్ళు దాటి మధ్యతరగతి ఆచారంగా మారింది 1990లలో. 1990 చట్టం హెచ్-1బి వీసాలకు ఏడాదికి 65,000 పరిమితి పెట్టింది. కంప్యూటర్ల వై2కే పనుల గిరాకీ పెరగడంతో ఆ సంఖ్య 1999లో 1,15,000కు, 2001 నుంచి మూడేళ్ళపాటు 1,95,000కు చేరింది. రైతు కుటుంబాల పిల్లలు, బడిపంతుళ్ళ పిల్లలు కృష్ణా, గుంటూరు, కరీంనగర్, వరంగల్ జిల్లాల నుంచి న్యూజెర్సీకీ టెక్సాస్‌కూ కాలిఫోర్నియాకూ వెళ్ళారు. వాళ్ళ వెనకే, ఇంగ్లిషు రాని, అంతకుముందు తిరుపతికో కాశీకో మించి ప్రయాణం చేయని తల్లులు విమానాలెక్కారు. గండిపేట చెరువు దగ్గరి చిలుకూరు బాలాజీకి ‘వీసా దేవుడు’ అన్న పేరు స్థిరపడింది ఈ కాలంలోనే. మొక్కుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు, కోరిక తీరాక 108. పిల్లల వీసాకే కాదు, అమ్మానాన్నల వీసాకూ అక్కడ ప్రదక్షిణలు జరిగాయి.

వీసా ఇంటర్వ్యూ నిజంగా గడ్డు పరీక్షే. సందర్శక వీసా అడిగినవారిని, తిరిగివస్తామని వాళ్ళే రుజువు చేసుకునేంతవరకు, అక్కడే ఉండిపోయేవారిగా భావించాలని అమెరికా చట్టంలోని 214(బి) సెక్షన్ చెబుతుంది. పొలం పాసుపుస్తకం, ఇంటి దస్తావేజు, బ్యాంకు డిపాజిట్లు, చార్టర్డ్ అకౌంటెంటు వేసిన ఆస్తుల విలువ, అన్నీ ఒక ఫైలులో పెట్టుకుని చెన్నై రైలెక్కడం అప్పటి ఆనవాయితీ. అధికారి ఆ ఫైలు తెరవకుండానే రెండు ప్రశ్నలతో తేల్చేయడమూ మామూలే. మనవణ్ణి చూసుకోవడానికి వెళ్తున్నామంటే దాన్ని పనికింద లెక్క కడతారేమోనని భయపడి, చూడటానికి వెళ్తున్నామని మాత్రమే చెప్పమని పిల్లలు ముందే నేర్పించేవారు. 2008లో హైదరాబాద్‌లోని పైగా ప్యాలెస్‌లో అమెరికా కాన్సులేట్ తెరిచి, మరుసటి ఏడాది వీసాలు ఇవ్వడం మొదలుపెట్టడంతో చెన్నై ప్రయాణం తప్పింది. 2023 మార్చిలో అది నానక్‌రామ్‌గూడలోని సొంత భవనానికి మారింది. శంషాబాద్ విమానాశ్రయం కూడా 2008 మార్చిలోనే మొదలైంది.

సామాన్ల సంగతి విడిగా చెప్పుకోవలసిందే. మనిషికి రెండు పెట్టెలు. పూర్వం ఒక్కోటి 32 కిలోలదాకా పట్టేది, 2000ల మధ్య నుంచి అది 23 కిలోలకు తగ్గింది. ఇంట్లో కాటా మీద పెట్టి తూచి, బరువెక్కువైతే చీరలు తీసేసి పచ్చడి ఉంచడం చాలా ఇళ్ళలో జరిగిన పనే. ఆవకాయ, గోంగూర కవర్లలో పోసి, సీలు వేయించి, మళ్ళీ కవరు తొడిగి టేపు చుడతారు. కారాలు, పొడులు, సున్నుండలు సరేసరి. బాలింత కోసం సొంఠి, వాము, నెయ్యి వేసి చేసిన కాయం ఒక డబ్బాలో, ఉగ్గుగిన్నె ఒక గుడ్డలో చుట్టి ఉంటాయి. తాజా పండ్లు, విత్తనాలు, మాంసంతో చేసిన పచ్చళ్ళు అక్కడి కస్టమ్స్‌లో చెత్తబుట్ట పాలవుతాయి.

దారిలో విమానం మారడం పెద్ద గండం. దుబాయిలోనో ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో గేటు వెతుక్కోలేని తల్లులకు పిల్లలు కనిపెట్టిన ఉపాయం చక్రాల కుర్చీ. నడవగలిగిన మనిషైనా టిక్కెట్టులో వీల్‌చెయిర్ రాయిస్తే విమానాశ్రయం ఉద్యోగి గేటు దాకా తీసుకెళ్తాడు. దీన్ని తప్పుపట్టేవారున్నారు గానీ, భాష రాని ఒంటరి స్త్రీకి ఇంతకంటే నమ్మకమైన దారి విమానయానం ఇంకా చూపలేదు.

అమెరికాలో దిగాక సాధారణంగా ఆరు నెలల గడువు ఇస్తారు. ఆ గడువే కొత్త ఆచారానికి కొలత అయింది. మొదటి ఆరు నెలలు అమ్మమ్మ, ఆమె తిరిగివచ్చే వేళకు నాయనమ్మ. వియ్యపురాళ్ళిద్దరూ వంతులు వేసుకుని బిడ్డకు ఏడాది నిండేదాకా చూసుకోవడం తెలుగు కుటుంబాల్లో స్థిరపడిన ఏర్పాటు. దీనికి కారణం ఆప్యాయత ఒక్కటే కాదు. ఉద్యోగస్తురాలైన తల్లికి అమెరికా 1993 చట్టం ఇచ్చేది జీతం లేని 12 వారాల సెలవు, అదీ చిన్న సంస్థల్లో వర్తించదు. జీతంతో కూడిన ప్రసూతి సెలవు దేశమంతటికీ వర్తించే చట్టంగా లేదు. పసిబిడ్డను డే కేర్‌లో వదలాలంటే ఖర్చు మోపెడు. ఆ లోటు పూడ్చింది అమ్మమ్మలూ నాయనమ్మలూ. ఆసుపత్రి నుంచి రెండు రోజుల్లో ఇంటికొచ్చిన బాలింతకు పథ్యం వండటం, బిడ్డకు నూనె రాసి కాళ్ళ మీద వేసుకుని నీళ్ళు పోయడం, రాత్రి నిద్ర కాయడం వాళ్ళ పని. సాంబ్రాణి పొగ వేస్తే గదిలోని స్మోక్ అలారం మోగుతుంది, అందుకని పొగ మానేసి జుట్టు ఆరబెట్టే యంత్రంతో సరిపెట్టుకున్న ఇళ్ళెన్నో.

తాతల పరిస్థితి వేరు. కారు నడపలేరు, నడిచి వెళ్ళే దూరంలో కొట్టు ఉండదు, పగలంతా పిల్లలు ఆఫీసులో. ఒంట్లో బాగోకపోతే ఖర్చుకు భయపడి ఊరి నుంచి తెచ్చుకున్న మాత్రలతో గడుపుకోవాలి. నయాగరా, వాషింగ్టన్, న్యూయార్క్ చూపించడానికి ఒక్క వారం సెలవు దొరికితే గొప్ప. విహారయాత్ర వాటా అంతే.

ఇతర దేశాలు ఈ అవసరాన్ని వేరే విధంగా గుర్తించాయి. కెనడా 2011 డిసెంబరులో తల్లిదండ్రులకు, తాతయ్య నాయనమ్మలకు సూపర్ వీసా ప్రవేశపెట్టింది. 2022 జూలై నుంచి ఒక్కో రాకకు ఐదేళ్ళదాకా ఉండనిస్తోంది. అమెరికాలో అలాంటిది లేదు. 2020 మార్చిలో కోవిడ్ వల్ల విమానాలు ఆగినప్పుడు అటు చిక్కుకున్న పెద్దలూ, ఇటు మనవల ముఖం ఫోన్‌లోనే చూసినవాళ్ళూ అనేకులు. 2022లో భారతదేశంలో తొలిసారి సందర్శక వీసా కోరినవారికి ఇంటర్వ్యూ తేదీ రెండేళ్ళు దాటి దొరికేది.

1990లలో మొదటిసారి విమానమెక్కిన అమ్మమ్మలు ఇప్పుడు ఎనభై ఏళ్ళ దగ్గరపడ్డారు. వలస వెళ్ళిన పిల్లల చరిత్రను సంఘాల సంచికలు కొంతైనా నమోదు చేశాయి. ఆ పిల్లల పిల్లలను పెంచి, ఆరు నెలలకు తిరిగివచ్చేసిన వీళ్ళ చరిత్ర మాత్రం పాత పాస్‌పోర్టుల్లోని ముద్రల్లోనే ఉంది. ప్రతి ఇంటిలోని చదువుకున్న మనవలు వాళ్ళ పక్కన కూర్చుని, వాళ్ళ మాటల్లోనే దాన్ని రాసి పెట్టాలి.