రంగు పోతుందా?

జగ్గయ్యపేట బజారులో చీర బేరం చేస్తూ అందరిలాగే నేనూ మొదట అడిగే మాట, "రంగు పోతుందా?" అని. ఆ రంగు వేసిన మనిషి సంగతి మాత్రం మనం అడగం.

మనకు దిగువనున్న బందరులో అద్దకాల ఎరుపు ఒకప్పుడు చిరివేరు నుంచి వచ్చేది. ఆ వేరులోని ఎలిజరిన్‌ని 1868లో గ్రేబె, లీబర్మన్ అనే జర్మన్లు తారు సరుకుతో తయారుచేశారు. తారు నుంచి ఇంకా ఎన్నో రంగులు పుట్టాయి, చవకయ్యాయి.

ఆ చవక ఖరీదు ఎవరు కట్టారు? 1895లో ఫ్రాంక్‌ఫర్ట్ డాక్టరు లుడ్విగ్ రేన్, మెజెంటా రంగు ఫ్యాక్టరీలో పనిచేసిన ముగ్గురికి మూత్రాశయంలో కంతులున్నాయని చెప్పాడు. ఆయన అనిలీన్‌ని అనుమానించాడు. అసలు దోషులు బెంజిడిన్ లాంటివని తర్వాత తేలింది. అలాంటివి పుట్టించే రంగుల్ని జర్మనీ బట్టల్లో వాడొద్దని 1994లో చట్టం చేసింది. మన దేశం 1997 నాటికి 112 రంగుల్ని నిషేధించింది. రేన్ చెప్పి అప్పటికి నూరేళ్ళు దాటింది!

నిషేధం లేని రంగైనా, పొడిగా గాలిలోకి లేస్తే ఊపిరికి చేటే. కారం దంచేటప్పుడు మనం ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంటాం. రంగుపొడి తూచే అమ్మాయికి కొంగు చాలదు. మాస్కూ గ్లౌజులూ, గాలిని బయటికి లాగే ఫ్యానూ కావాలి. రంగు పోతుందా అని నిలదీసే మనం, ఆ మాట కూడా అడిగితే తప్పా?