శిలపై పేరు, చీరపై పేరు

జగ్గయ్యపేట చెంత ధనబోడు అని పిలువబడు గుట్టపై ఒక బౌద్ధస్తూపపు శిథిలములు కలవు. వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు తన తండ్రి జగ్గన్న పేర పేటగా మార్చక పూర్వము ఈ ఊరు బేతవోలు. ఇంకను వెనుకకు పోయినచో, శాసనభాషలో ఈ ఊరు వేలగిరి. ఇక్ష్వాకు ప్రభువైన వీరపురుషదత్తుని ఇరువదవ పాలన సంవత్సరమున, అనగా క్రీస్తు తరువాత మూడవ శతాబ్దిలో, ఇచటి మహాచైత్యపు తూర్పు ద్వారమున ఐదు ఆయకస్తంభములు నిలుపబడెను. నిలిపినవాడు రాజు కాడు, వర్తకుడు కాడు; సిద్ధార్థుడను ఒక పనివాడు. శాసనమున తన్ను ‘ఆవేసని’ యని, అనగా శిల్పి యని చెప్పుకొని, తన తండ్రి నాగచంద్రుడును ఆవేసనియే యని చెప్పి, తల్లిని, భార్యను, బిడ్డలను, సోదరుని కుటుంబమును పేరుపేరున చెక్కించెను. మేము ఆ గుట్ట ఎక్కినప్పుడెల్ల మాకు రాజుకంటె ఈ పనివాడే ముందుగా స్ఫురించును.

చీరల ప్రసంగమున ఈ రాతిముచ్చట యేలయని శ్రోతలు అడుగవచ్చును. కారణము కలదు.

2021 ఆగస్టు 12వ తేదీన కలకత్తాకు చెందిన ప్రసిద్ధ వస్త్రరూపకర్త సబ్యసాచి ముఖర్జీ, స్వీడను దేశపు హెచ్ అండ్ ఎమ్ అను దుకాణముల సంస్థతో కలిసి, ‘వాండర్‌లస్ట్’ అను పేర కొన్ని దుస్తులను విడుదల చేసెను. ఆయన పెండ్లి వస్త్రములు లక్షలు పలుకును. ఈ దుస్తులు అట్లు కావు; వీనిలోని చీర వెల 9,999 రూపాయలు. అది మన ఇండ్లలో చౌక యనిపించుకొనదు గాని, ఆయన పేరు గల చీరకు చౌకయే. నిమిషములలో సరకెల్ల చెల్లిపోయెను.

ఇట్టి పొత్తులు ఆయనతో మొదలు కాలేదు. 1983లో అమెరికాలో హాల్‌స్టన్ అను రూపకర్త జె.సి. పెన్నీ అను చౌక దుకాణములకు దుస్తులు కూర్చగా, అంతవరకు ఆయన సరకును అమ్ముచుండిన న్యూయార్కులోని ఖరీదైన అంగడి ఒకటి అలిగి ఆయనను విడిచినది. 2004లో కార్ల్ లాగర్‌ఫెల్డ్ ఇదే హెచ్ అండ్ ఎమ్‌తో చేయి కలిపినప్పుడు జనము తెల్లవారుముందే బారులు తీరిరి. ఇరువది యేండ్లలో అగౌరవము గౌరవమైనది.

మన దేశమున వచ్చిన తగవు వేరు. సబ్యసాచి దుస్తులపై పూలు రాజస్థానపు సాంగనేరు చేతి అచ్చులను తలపించెను. కాని అవి చేతితో అద్దినవి కావు, యంత్రముద్రణములు. హస్తకళా సంస్థలు పెక్కు కలిసి ఆయనకు ఒక బహిరంగలేఖ వ్రాసినవి. భారతీయ కళాసంపద యని చెప్పి అమ్ముచున్న ఈ వస్త్రములలో ఒక్క భారతీయ కళాకారుని చేయియు లేదు, అతనికి లాభమును లేదు అని వాని ఆక్షేపణ. భారతీయ రూపకల్పనను ప్రపంచపటమున నిలుపుటయే తన ఉద్దేశమని ఆయన సమాధానము. భౌగోళిక గుర్తింపు చట్టము 1999లోనే వచ్చినది. సాంగనేరుకును, మన మచిలీపట్నపు కలంకారీకిని ఆ గుర్తింపు కలదు. అయితే ఆ చట్టము ముఖ్యముగా కాపాడునది పేరును. పేరు చెప్పక పూవును మాత్రము తీసికొనువానిని అది పట్టలేదు.

సాంగనేరు మనకు దూరమనుకొనుట పొరపాటు. మచిలీపట్నపు రేవునుండి గోలకొండకు కృష్ణాతీరపు సరకు పోయిన త్రోవ ఈ మెట్టసీమదే. నేటి హైదరాబాదు రహదారియు నందిగామ, జగ్గయ్యపేటల మీదుగనే సాగును. పదునేడవ శతాబ్దిలో ఈ రాజ్యమున తిరిగిన ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియే, కలముతో వ్రాసిన గుడ్డలు గోలకొండ రాజ్యమున, విశేషించి మచిలీపట్నపు చుట్టుపట్ల తయారగునని వ్రాసియున్నాడు. మన పెద్దలు చీటిగుడ్డ లనినవి ఈ జాతివే.

ఆ పని ఎంతటిదో చెప్పుకొనవలెను. నూలుగుడ్డను కరక్కాయ కషాయమునను పాలలోను ముంచి ఎండబెట్టుదురు. ఇనుపముక్కలను బెల్లపునీట దినములతరబడి పులియబెట్టగా వచ్చిన ద్రవమును టేకు అచ్చుతో అద్దినచో, కరక్కాయతో కలిసి నలుపగును. ఎరుపు రావలసినచోట పటికనీరు అద్ది, పారు నీట ఉతికి, పూర్వము చిరివేరుతో ఉడికించెడివారు. పటిక తాకినచోటనే ఎరుపు నిలుచును. తక్కినచోట ఉతుకులకు పోవును. నీలికి వేరు పని. ఒక్క అద్దకము తప్పినచో అంతవరకు పడిన శ్రమయంతయు వృథా.

ఈ రంగులు ఉతికినను పోకుండుట చూచి ఐరోపా వెఱ్ఱియెత్తెను. తమ నేతగాండ్రు చెడిపోవుదురని ఫ్రాన్సు 1686లో ఈ గుడ్డలను నిషేధించి 1759 వరకు ఆ నిషేధమును నడపెను. ఇంగ్లండులో 1721 నాటి చట్టము వానిని ధరించుటయే నేరమనెను. ఆ లోపల ఫ్రెంచివారు పుదుచ్చేరినుండి అద్దకపు రహస్యములను లేఖలుగా వ్రాసి పంపుకొనిరి. 1783లో స్కాట్లండువాడైన థామస్ బెల్ రాగిస్తంభములతో ముద్రించు యంత్రమునకు హక్కుపత్రము పొందెను. పిమ్మట ఆ మిల్లు చీటిగుడ్డలే ఓడలెక్కి మన అంగళ్లకు వచ్చినవి.

న్యాయము చెప్పవలెనన్న, మచిలీపట్నము పూలన్నియు మచిలీపట్నమున పూచినవి కావు. పారశీకపు చెట్లును లతలును అందు కలవు. ఐరోపా వర్తకులు పంపిన నమూనాలును కలవు. కావున ఒకరి పూవును ఇంకొకరు అద్దుట పాపమని మేము అనము. పారశీకుని పూవు ఇచటికి వచ్చినప్పుడు కూలి ఇచటి అద్దకపువానికి ముట్టినది. సాంగనేరు పూవు యంత్రమునకు పోయినప్పుడు అట్టిది జరుగలేదని లేఖ వ్రాసినవారి బాధ. స్వాతంత్ర్యానంతరము కమలాదేవి చటోపాధ్యాయ మొదలగువారు పూనుకొని మచిలీపట్నపు అద్దకమును మరల నిలువబెట్టకున్నచో, నేడు ఈ వాదమునకే చోటుండెడిది కాదు.

మొన్న నందిగామలో ఒక బట్టలకొట్టున చీరలు చూచుచుండగా యజమాని ఒకటి విప్పి, “కలంకారీ అండి, నాలుగువందలే” అనెను. నెమళ్లు, లతలు, అంచున మామిడిపిందెలు. కంటికి ఇంపుగనే యున్నది. మేము కొంగు తిరుగవేసి చూచితిమి. చేతి అద్దకమైనచో రంగు వెనుకకు దిగును. ఇది వెనుక తెల్లగా వెలవెలబోవుచుండెను. యజమాని మా చూపు గ్రహించి నవ్వెను. “అసలుది కావాలంటే పెడన వెళ్లాలండి. బెజవాడలో బస్సు మారితే సాయంత్రానికి వెళ్లిపోతారు” అనెను. దాని వెల అడిగితిమి, చెప్పెను.

మేము పెడన పోలేదు. నాలుగువందలిచ్చి ఆ చీరనే కట్టించుకొని వచ్చితిమి.