నేత్రపటలంలో ధమని ఏది, సిర ఏది? కంప్యూటర్ గుర్తించే విధానం

కోత పెట్టకుండానే రక్తనాళాలను నేరుగా చూడగలిగే అవకాశం శరీరంలో కంటి వెనుకనున్న నేత్రపటలంలో, అంటే రెటీనాలో లభిస్తుంది. 1851లో జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ రూపొందించిన ఆఫ్తాల్మోస్కోప్‌తో ఈ పరిశీలన సాధ్యమైంది. అక్కడి నాళాల్లోని మార్పులను బట్టి అధిక రక్తపోటు రోగులను నాలుగు తరగతులుగా విభజించే పద్ధతిని 1939లో అమెరికా వైద్యులు కీత్, వాగెనర్, బార్కర్ ప్రతిపాదించారు.

రక్తపోటు పెరిగినవారిలో నేత్రపటల ధమనులు సన్నబడతాయి. అందుకే ధమనుల వ్యాసానికి, సిరల వ్యాసానికి మధ్య నిష్పత్తిని వైద్యులు లెక్కిస్తారు. ఆరోగ్యవంతుల్లో ఇది సుమారుగా రెండుకు మూడు. 2003లో సవరించిన పద్ధతి ప్రకారం దృష్టినాడి చక్రం చుట్టూ నిర్ణీత వలయంలోని ఆరు పెద్ద ధమనులను, ఆరు పెద్ద సిరలను కొలిస్తే సరిపోతుంది. అయితే చిక్కంతా ఇక్కడే ఉంది. లావుపాటి సిర ఒకటి పొరపాటున ధమనుల లెక్కలో చేరితే నిష్పత్తి పెరిగి, సన్నబడిన ధమనులు కూడా మామూలుగానే ఉన్నట్లు కనిపిస్తాయి. కొలత ఎంత నిక్కచ్చిగా ఉన్నా, ముందు వేసిన పేరు తప్పితే ఫలితం తప్పుతుంది.

అనుభవజ్ఞుడైన నేత్రవైద్యుడు రెండింటినీ చూపుతోనే విడదీస్తాడు. ప్రాణవాయువు నిండిన ధమని లేత ఎరుపుగా, సన్నగా ఉండి, మధ్యలో వెలుగు చార స్పష్టంగా కనిపిస్తుంది. సిర ముదురు రంగులో, వెడల్పుగా ఉంటుంది. ఈ తేడాలు దృష్టినాడి చక్రం వద్ద బాగా తెలుస్తాయి. అంచులకు పోయేకొద్దీ కొమ్మలు సన్నబడి రంగులు కలిసిపోతాయి. పైగా చిత్రంలో వెలుగు అన్నిచోట్లా ఒకేలా పడదు.

అందువల్ల పరిశోధకులు రంగుపైనే ఆధారపడక నాళాల అల్లికను కూడా ఆశ్రయించారు. సాధారణంగా ధమని మరో ధమనిని, సిర మరో సిరను దాటవు. ఒకదానినొకటి దాటేవి ధమని, సిరలే. రెండు గీతలు కలిసినచోట అది కొమ్మ చీలికా, లేక అడ్డదాటుడా అని తేల్చగలిగితే, మొదలు నుంచి చివరిదాకా ఒకే పేరును కొనసాగించవచ్చు. 2014లో పోర్చుగల్ పరిశోధకులు దష్త్‌బొజోర్గ్, మెండోన్సా, కాంపిల్యో నాళాలను ఇలా ఒక వలగా భావించి వర్గీకరించారు. నెదర్లాండ్స్‌లో సేకరించిన 40 చిత్రాల ‘డ్రైవ్’ సంపుటిపై వారి విధానం 87.4 శాతం ఖచ్చితత్వం సాధించింది. ఆ తరువాత లోతైన అభ్యసన పద్ధతులు రంగప్రవేశం చేసి, చిత్రంలోని ప్రతి బిందువుకూ నేరుగా పేరు పెట్టడం నేర్చుకున్నాయి.

‘డ్రైవ్’ చిత్రాలకే 2013లో ధమని, సిర గుర్తులు జోడించి ‘రైట్’ అనే సంపుటిని అమెరికాలోని అయోవా పరిశోధకులు తయారుచేశారు. అందులో ధమనులకు ఎరుపు, సిరలకు నీలం, దాటుడు చోట్లకు ఆకుపచ్చ రంగులు వేశారు. నిపుణులే తేల్చలేని నాళాలకు తెలుపు కేటాయించారు. ఆ తెలుపు రంగు అత్యంత నిజాయితీ గల గుర్తు అనవచ్చు. సందేహాన్ని సందేహంగా చూపని యంత్రం వైద్యుణ్ణి తప్పుదారి పట్టిస్తుంది.

ఈ సాంకేతికత ప్రయోజనం నిపుణులు అందుబాటులో లేనిచోట ఎక్కువ. నేత్రపటల ఛాయాచిత్రాన్ని శిక్షణ పొందిన సహాయకుడు తీసి దూరానికి పంపవచ్చు. ఉక్కు పనుల కోసం వలస వెళ్లిన తెలుగు కుటుంబాలు తరాలుగా స్థిరపడిన జంషెడ్‌పూర్‌లో, టాటా అగ్రికో పేరిట వెలసిన అగ్రికో వంటి నివాస ప్రాంతాలకు కూడా ఇది వర్తిస్తుంది. అయితే అక్కడివారి నేత్రపటలం డచ్ చిత్రాల్లోని నేత్రపటలంలా కనిపించదు. వర్ణద్రవ్యం ఎక్కువగా ఉన్న కళ్లలో నేపథ్యం ముదురుగా ఉంటుంది, నాళాల రంగుల తేడా కూడా మారుతుంది. మహారాష్ట్రలోని నాందేడ్‌లో తీసిన 516 చిత్రాలతో 2018లో వెలువడిన భారతీయ సంపుటి మధుమేహ రెటినోపతికి ఉద్దేశించినది. అందులో ధమని, సిర గుర్తులు లేవు. విదేశీ చిత్రాలపై నేర్చిన యంత్రాన్ని ఇక్కడి కళ్లకు వాడే ముందు, ఇక్కడి నేత్రవైద్యులు గుర్తులు వేసిన చిత్రాలపై దాన్ని పరీక్షించవలసి ఉంటుంది.